గ్లాస్ ఫిల్డ్ మెటీరియల్ నడిపేవారికి కోటింగ్ స్క్రూ: కొలతల నుంచి బిగింపు దాకా

రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, కుషన్ నిలబడటం లేదు. హోల్డింగ్‌లో స్క్రూ సున్నాకి వచ్చేస్తోంది" అన్నాడు. అంటే షాట్ చివర స్క్రూ ముందు మిగలాల్సిన కొద్దిపాటి ప్లాస్టిక్ మిగలడం లేదు. అది 150 టన్నుల ఇంజెక్షన్ మోల్డింగ్ మెషీన్, 50 ఎంఎం స్క్రూ. దాని మీద ఏడాది పొడవునా 30 శాతం గ్లాస్ ఉన్న నైలాన్ 66 నడుస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆ స్క్రూ పాతది కాదు. ఏడు నెలల క్రితమే టంగ్‌స్టన్ కార్బైడ్ కోటింగ్ వేయించి బిగించాం. తీసి చూస్తే స్క్రూ నిక్షేపంగా ఉంది. తినేసింది బ్యారెల్‌ను, అంటే స్క్రూ తిరిగే గొట్టాన్ని. బిగించేటప్పుడు లోపలి వ్యాసం 50.02 ఎంఎం ఉన్న బ్యారెల్ ముందు భాగంలో 50.31కి వచ్చింది.

కోటింగ్ వేసినవారు తమ పని సరిగానే చేశారు. "కార్బైడ్ వేయించండి, ఇక చూసుకోనక్కర్లేదు" అన్న సలహా మాత్రం సగమే చెప్పింది. మిగతా సగం అడగకుండా ఇండెంట్ మీద సంతకం పెట్టింది నేనే. గట్టి స్క్రూను మామూలు నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో ఉక్కు పైపొరను గట్టిపరచడం) బ్యారెల్‌లో పెడితే అరుగుదల ఆగదు, చోటు మారుతుంది. స్క్రూ, బ్యారెల్, కరిగిన ప్లాస్టిక్ వెనక్కి రాకుండా స్క్రూ కొన దగ్గర అడ్డుపడే చెక్ రింగ్, ఈ మూడూ ఒక జట్టు. వాటిలో ఒకదాన్నే మార్చి మిగతా రెండింటిని వదిలేయకూడదు. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని, మొదటి అనుమానం వచ్చిన రోజు నుంచి కొత్త స్క్రూ నడిచే దాకా ఏ వరసలో పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మెషీన్ మీదే పరీక్షించండి

కుషన్ పడిపోగానే స్క్రూ అరిగిందని తేల్చేయకండి. చాలాసార్లు దోషం చెక్ రింగ్‌దే అవుతుంది. స్క్రూతో పోలిస్తే రింగ్ ఖర్చు చాలా తక్కువ.

ఇంజెక్షన్ జరుగుతున్నప్పుడు స్క్రూ వెనక భాగాన్ని గమనించండి. ముందుకు వెళ్తూ వెనక్కి తిరుగుతుంటే, కరిగిన ప్లాస్టిక్ రింగ్ దాటి మళ్లీ మరల్లోకి వస్తోందని అర్థం. ఆ ఒత్తిడే స్క్రూను తిప్పేస్తుంది. ఇక రెండో పరీక్ష. స్ప్రూ (మోల్డ్‌లోకి ప్లాస్టిక్ వెళ్లే దారి) గట్టిపడి మూసుకుపోయిన మోల్డ్‌ను అలాగే ఉంచి, గార్డ్ మూసి, తక్కువ ప్రెషర్‌తో ఇంజెక్షన్ ఇచ్చి పది సెకన్లు పట్టి ఉంచండి. ప్లాస్టిక్‌కు బయటికి దారి లేదు కాబట్టి స్క్రూ మొదట కొద్దిగా నొక్కుకుని ఆగిపోవాలి. ఆగకుండా మెల్లగా జారుతూనే ఉంటే లీకేజీ ఉంది.

ఇక్కడ చాలామంది వదిలేసే మెలిక ఒకటి ఉంది. ఇదే పరీక్షను స్ట్రోక్‌లో మూడు నాలుగు చోట్ల చేయాలి. రీఫిల్లింగ్ (స్క్రూ తిరుగుతూ తర్వాతి షాట్‌కు ప్లాస్టిక్ నింపుకోవడం) 30 ఎంఎం దగ్గర ఆపి ఒకసారి, 60 దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి. అన్ని చోట్లా ఒకేలా జారితే రింగో, దాని సీటో పోయింది. ఒకచోట మాత్రమే జారితే బ్యారెల్ అక్కడ అరిగింది. అలాంటప్పుడు రింగ్ మార్చినా ఫలితం ఉండదు.

స్క్రూ మరలే అరిగితే లక్షణాలు వేరుగా ఉంటాయి. మెటీరియల్, టెంపరేచర్, బ్యాక్ ప్రెషర్ (నింపుకుంటూ వెనక్కి వచ్చే స్క్రూకు ఎదురుగా ఇచ్చే ఒత్తిడి) ఏవీ మారకుండానే రీఫిల్లింగ్ టైం వారం వారం పెరుగుతుంది. 30 సెకన్ల సైకిల్‌లో మూడు సెకన్లు పెరిగిందనుకోండి. రోజుకు 20 గంటల లెక్కన 2400 షాట్లు పడాల్సిన చోట 2181 పడతాయి. రోజుకు 219 షాట్లు పోయినట్టే. కొత్త స్క్రూ కోసం ఓనర్‌ను ఒప్పించాలంటే ఈ లెక్క ఒక్కటి చూపిస్తే సరిపోతుంది.

బయటికి తీసి కొలవండి

తీయడానికి ముందు సహజ రంగు హెచ్‌డీపీఈతోనో పర్జింగ్ కాంపౌండ్‌తోనో బ్యారెల్ బాగా కడగండి. స్క్రూ వేడిగా ఉన్నప్పుడే ఇత్తడి బ్రష్, రాగి జాలీ గుడ్డతో ప్లాస్టిక్ తీసేయాలి. ఉలితో చెక్కకండి. గ్యాస్ టార్చ్ పెట్టి కాల్చకండి. టార్చ్ మంట ఒకచోట పడితే అక్కడ ఉక్కు మెత్తబడుతుంది, స్క్రూ వంగుతుంది. పైగా పీవీసీ, ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌లు కాలితే వచ్చే వాయువులు ప్రాణం మీదికి తెస్తాయి. ఈ పనిలో ముఖానికి షీల్డ్, చేతులకు వేడి తట్టుకునే గ్లౌజులు, మెయిన్ స్విచ్‌కు తాళం తప్పనిసరి.

చల్లారాక కొలత. స్క్రూ బయటి వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో నేరుగా పట్టబోతే కుదరదు. ఒకవైపు దవడ మర శిఖరం మీద కూర్చుంటే, సరిగ్గా ఎదురుగా ఉండేది పల్లం. అందుకని సమతలంగా గ్రైండ్ చేసిన ఒక చదును పట్టీని పక్కపక్క మరల మీద వంతెనలా పెట్టి, దాని మీద నుంచి కొలిచి, పట్టీ మందం తీసేయాలి. పట్టీ 10.00 ఎంఎం, రీడింగ్ 59.62 వస్తే స్క్రూ అక్కడ 49.62. ఇలా ప్రతి మర దగ్గరా కొలిచి రాసుకోండి. మర లోతును డెప్త్ గేజ్‌తో చూడండి. మర కొన అరిగితే ఒక కథ, పల్లం అడుగు తినేస్తే ఇంకో కథ.

బ్యారెల్‌ను డయల్ బోర్ గేజ్‌తో నాజిల్ వైపు నుంచి ప్రతి 100 ఎంఎంకు ఒకసారి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి చొప్పున కొలవాలి. రెండు దిక్కుల్లో తేడా వస్తే బ్యారెల్ అండాకారంలోకి వచ్చిందని అర్థం. అప్పుడు అలైన్‌మెంట్ చూడకుండా కొత్త స్క్రూ వేయడం దండగ.

50 ఎంఎం సైజులో కొత్త జతకు వ్యాసం మీద మొత్తం సందు 0.10 నుంచి 0.20 ఎంఎం మధ్యలో ఉంటుంది. మా షాపులో సందు రెట్టింపయ్యిందంటే కొత్తదానికి కొటేషన్లు అడగడం మొదలుపెడతాం. మూడు రెట్లయితే మెషీన్ ఆపుతాం. ఇది పుస్తకంలో ఉన్న నియమం కాదు, మాకు పనికొచ్చిన పద్ధతి. పీపీ (పాలీప్రొపిలీన్) మాత్రమే నడిపే చోట ఇంకొంచెం లాగొచ్చు.

అరిగిన తీరును చదవండి

కోటింగ్ ఎంపిక మొత్తం ఈ అడుగు మీదే ఆధారపడి ఉంది. స్క్రూను మంచి వెలుతురులో బల్ల మీద పెట్టి, భూతద్దం పట్టుకుని తోక నుంచి కొన దాకా చూడండి.

మర కొనలు అద్దంలా మెరుస్తూ, అంచులు నున్నగా గుండ్రబడి ఉంటే అది రాపిడి. గ్లాస్ ఫైబర్, టైటానియం డయాక్సైడ్ చేసే పని ఇది. ప్లాస్టిక్‌లో కలిపే ఇలాంటి పొడులు, పోగులు, అంటే ఫిల్లర్లు, అన్నీ ఒకటే కాదు. మోహ్స్ స్కేల్ మీద టాల్క్ గట్టిదనం 1, కాల్షియం కార్బనేట్ 3, గాజు 6కు కాస్త అటూ ఇటూ. అందుకే టాల్క్ కలిపిన పీపీ ఏళ్ల తరబడి నడిచిన స్క్రూను గ్లాస్ నైలాన్ నెలల్లో ముగించేస్తుంది.

పల్లంలో సూది గుచ్చినట్టు గుంటలు, కమిలిన గోధుమ రంగు, మెరుపు పోయిన ఉపరితలం కనిపిస్తే అది తుప్పు. పీవీసీ మాడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది. మంటలు అంటుకోకుండా బ్రోమిన్ కలిపిన గ్రేడ్లు ఎక్కువ వేడెక్కితే హైడ్రోబ్రోమిక్ ఆమ్లం వస్తుంది. ఎలక్ట్రికల్ స్విచ్‌గేర్ భాగాలు చేసేవారికి తరచూ గ్లాసూ, ఈ కెమికలూ ఒకే గ్రేడ్‌లో తగులుతాయి. ఒకటి గీస్తుంది, ఇంకొకటి ఆ గీతలో దిగి తింటుంది.

ఒకవైపే పొడవాటి గీతలు, లోహం పూసుకుపోయినట్టు మచ్చలు ఉంటే స్క్రూ నేరుగా బ్యారెల్‌ను రుద్దుతోంది. వంగిన స్క్రూ, అలైన్‌మెంట్ తప్పిన బ్యారెల్, లేదా గింజలు నలిగి కరిగే కంప్రెషన్ జోన్‌లో కరగని గింజలు ముద్దకట్టి స్క్రూను పక్కకు నెట్టడం దీనికి కారణం. దీనికి ఏ కోటింగూ మందు కాదు. అలైన్‌మెంట్ సరిచేయండి, వెనక జోన్ వేడి పెంచండి.

అరిగిన చోటు కూడా మాట్లాడుతుంది. గింజలు లోపలికి పడే ఫీడ్ జోన్‌లోనే ఎక్కువ అరిగితే, గట్టిగా ఉన్న గ్లాస్ గింజలు కరగకముందే గీస్తున్నాయి. కంప్రెషన్ జోన్ చివర అరిగితే ముద్దకట్టడం మీద అనుమానం పెట్టండి. కొన దగ్గర మాత్రమే అయితే రింగ్ సంగతి చూడండి.

ఏ పూత దేనికి

పూత గురించి ఆలోచించే ముందు కింద ఉన్న ఉక్కు గురించి తెలుసుకోవాలి. మట్టిని దిమ్మిస చేయకుండా పైన గచ్చు పోస్తే ఏమవుతుందో, మెత్తటి ఉక్కు మీద గట్టి పూతకూ అదే అవుతుంది. బరువు పడగానే కింద అణిగి, పైన పగులుతుంది.

మన దగ్గర ఎక్కువగా దొరికే మామూలు స్క్రూ ఈఎన్ 41బి రకం ఉక్కుకు నైట్రైడింగ్ చేసినది. పైపొర 900 నుంచి 1000 విక్కర్స్ (గట్టిదనం కొలత) దాకా గట్టిగా ఉంటుంది. పొర లోతు అర మిల్లీమీటర్ అంటారు కానీ, నిజంగా గట్టిగా ఉండేది పైన పదో వంతు, రెండు పదో వంతుల మిల్లీమీటర్ మాత్రమే. అక్కడి నుంచి లోపలికి గట్టిదనం జారిపోతూ ఉంటుంది. నైట్రైడింగ్ స్క్రూ మొదట నెమ్మదిగా, తర్వాత ఉన్నట్టుండి వేగంగా అరిగేది ఇందుకే. ఫిల్లర్ లేని పీపీ, పీఈ, ఏబీఎస్ నడిపేవారికి ఇది చాలు. వారికి కోటింగ్ అమ్మబోయేవాళ్లు వస్తే డబ్బు దాచుకోమనే చెబుతాను.

హార్డ్ క్రోమ్ అందరికీ తెలిసిన పూత. సాధారణంగా 25 నుంచి 50 మైక్రాన్లు వేస్తారు, గట్టిదనం 850 నుంచి 1000 విక్కర్స్. ప్లాస్టిక్ దానికి అంటుకోదు, శుభ్రం చేయడం సులువు, పీవీసీ స్క్రూలకు చాలా కాలంగా ఇదే వాడుతున్నారు. దాని బలహీనత కంటికి కనిపించదు. పూత నిండా జుట్టుకన్నా సన్నని పగుళ్లు ఉంటాయి, ఆమ్లం వాటిలోంచి దిగి కింది ఉక్కును తినడం మొదలుపెడుతుంది. పైన బాగున్నట్టే ఉండి, ఒక రోజు పొట్టులా ఊడిపోతుంది. ఇంకో మాట. ప్లేటింగ్‌లో ఉక్కులోకి హైడ్రోజన్ దిగుతుంది, గట్టి ఉక్కు పెళుసవుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే సుమారు 190 నుంచి 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి బేక్ చేశారో లేదో అడగండి. గ్లాస్‌కు హార్డ్ క్రోమ్ ఎక్కువ కాలం నిలబడదు.

గ్లాస్‌కు నిలిచేది టంగ్‌స్టన్ కార్బైడ్. ఆక్సిజన్‌తో కిరోసిన్‌నో ఇంకో ఇంధనాన్నో మండించి, ఆ మంటలో పౌడర్‌ను ధ్వనిని మించిన వేగంతో కొట్టే పద్ధతిని హెచ్‌వీఓఎఫ్ అంటారు. పొర 0.1 నుంచి 0.3 ఎంఎం, గట్టిదనం 1000 నుంచి 1300 విక్కర్స్, మంచి పని అయితే లోపల రంధ్రాలు ఒక శాతం లోపే. స్క్రూ పెద్దగా వేడెక్కదు కాబట్టి వంగే భయం తక్కువ. పౌడర్ పేరు తప్పకుండా అడగండి. 12 శాతం కోబాల్ట్ మాత్రమే ఉన్నది రాపిడికి బాగుంటుంది. 10 శాతం కోబాల్ట్, 4 శాతం క్రోమియం ఉన్నది తుప్పును కూడా తట్టుకుంటుంది. మంటలు ఆపే గ్రేడ్లు నడిపేవారు రెండోదే తీసుకోవాలి. ఇదే కుటుంబానికి చెందిన డిటొనేషన్ స్ప్రే పద్ధతి మీద మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ చాలా కాలం పని చేసింది, టెక్నాలజీని కంపెనీలకూ అందించింది.

హెచ్‌వీఓఎఫ్‌కు రెండు పరిమితులు ఉన్నాయి. గన్‌కు ఎదురుగా కనిపించే చోటే పూత బాగా పడుతుంది. నిటారుగా తగిలితే అతుకు గట్టి, 45 డిగ్రీల కన్నా వాలుగా తగిలితే బలహీనం. మర పక్క గోడలు, లోతైన పల్లాల మూలలు ఈ లెక్కలోనే దెబ్బతింటాయి. చిన్న స్క్రూలకు, అంటే 25 నుంచి 30 ఎంఎం లోపు వాటికి, ఈ కారణంగా నేను కోటింగ్ కోరను. నిలువెల్లా గట్టిపడే డీ2 లాంటి టూల్ స్టీల్, లేదా పౌడర్ మెటలర్జీ ఉక్కు తీసుకుంటాను. డీ2లో 12 శాతం క్రోమియం ఉంది కదా, తుప్పు పట్టదనుకోకండి. అందులో చాలా భాగం కార్బైడ్‌లలో చిక్కుకుపోతుంది. తుప్పు, రాపిడి రెండూ ఉన్న చోట 20 శాతం క్రోమియం ఉన్న ఎం390 లాంటి పౌడర్ ఉక్కు మేలు.

ఇక రెండో పరిమితి. నైట్రైడింగ్ అయిన పాత స్క్రూనే ఇచ్చి "దీని మీద కార్బైడ్ కొట్టండి" అంటారు చాలామంది. కార్బైడ్ అతుక్కోవాలంటే ముందు ఇసుకలాంటి గ్రిట్‌తో కొట్టి ఉపరితలాన్ని గరుకు చేయాలి. నైట్రైడింగ్ పొర అంత గట్టిగా ఉంటే గ్రిట్ దాని మీద పట్టదు, పూత నిలవదు. ఆ పొరను పూర్తిగా గ్రైండ్ చేసి తీశాకే స్ప్రే చేయాలి.

మర కొనల మీద వెల్డింగ్‌తో వేసే స్టెల్లైట్, కోల్మొనాయ్ లాంటి మిశ్రమాలు పూత కన్నా మందంగా, లోహంతో కలిసిపోయి ఉంటాయి. పెద్ద స్క్రూలకు, రిపేరుకు చాలా మంచివి. కానీ కొన ఒక్కటే కాపాడతాయి. పల్లం, పక్క గోడలు మామూలుగానే ఉంటాయి కాబట్టి వాటికి విడిగా ఏదో ఒకటి చేయించాలి.

శూన్యంలో లోహాన్ని ఆవిరి చేసి పల్చగా పట్టించే పీవీడీ పూతలు వేరే జాతి. బంగారు రంగు టైటానియం నైట్రైడ్ సుమారు 2300 విక్కర్స్, వెండి రంగు క్రోమియం నైట్రైడ్ 1800కు అటూ ఇటూ. అంకెలు చూసి ఇవే అన్నిటికన్నా గట్టివి కదా అనిపిస్తుంది. కానీ మందం మూడు నాలుగు మైక్రాన్లు. మనిషి వెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుంది. గ్లాస్ ఎక్కువగా నడిచే చోట దీన్నే నమ్ముకోలేం. దీని అసలు ఉపయోగం పాలీకార్బనేట్, యాక్రిలిక్ లాంటి పారదర్శక మెటీరియల్‌లో. పాలీకార్బనేట్ ఉక్కుకు బంకలా అంటుకుని, చల్లబడి ముడుచుకునేటప్పుడు పైపొరను పెచ్చులుగా లాగేస్తుంది, అవే నల్ల మచ్చలుగా లెన్సులో కనిపిస్తాయి. క్రోమియం నైట్రైడ్ ఆ అంటుకునే గుణాన్ని తగ్గిస్తుంది. నైట్రైడింగ్ మీద పీవీడీ వేయించేటట్టయితే పైన ఉండే పెళుసైన తెల్లపొరను పాలిష్ చేసి తీశారని రూఢి చేసుకోండి.

గ్లాస్ శాతం కూడా ఒకసారి సరిచూసుకోవాలి. సంచి మీద 30 అని ఉన్నా రీప్రాసెస్డ్ మెటీరియల్‌లో ఎంత ఉందో చెప్పలేం. కొలిమిలో కాల్చి మిగిలిన బూడిద తూచే పరీక్ష చాలా సులువు. చర్లపల్లిలోని ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సీపెట్ లాంటి చోట చేయించుకోవచ్చు.

బ్యారెల్, రింగ్ జత కుదర్చండి

మొదట చెప్పిన మా తప్పు ఇక్కడిదే. కార్బైడ్ స్క్రూ వేస్తే బ్యారెల్ బైమెటాలిక్ అయి ఉండాలి. అంటే ఉక్కు గొట్టం లోపల వేరే మిశ్రమాన్ని కరిగించి, గొట్టాన్ని వేగంగా తిప్పుతూ పోత పోసి, ఒకటిన్నర నుంచి మూడు ఎంఎం దాకా పొర తయారు చేసినది. గట్టిదనం రకాన్ని బట్టి 58 నుంచి 65 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత). ఇనుము ఆధారిత పొర మామూలు పనులకు, నికెల్‌లో టంగ్‌స్టన్ కార్బైడ్ కలిపిన పొర గ్లాస్‌కు.

రింగ్ బయటి వైపు బ్యారెల్ కన్నా కాస్త మెత్తగా ఉండేలా అడగండి. మూడింటిలో ముందు అరగాల్సింది అదే, ఎందుకంటే మార్చడానికి తేలికైనది, చవకైనది అదే. అరిగిన రింగ్‌ను అప్పుడప్పుడు పారేస్తే బ్యారెల్ మిగులుతుంది.

ఆర్డర్ కాగితం మీద ఏం రాయాలి

"50 ఎంఎం స్క్రూ, కార్బైడ్ కోటెడ్, ఒకటి" అని రాస్తే వచ్చేది వాళ్లకు వీలైన స్క్రూ. ఏ మెటీరియల్, ఎంత గ్లాస్, ఏ కెమికల్, ఎంత టెంపరేచర్ అన్నవి ముందుగా రాయండి. ఆ తర్వాత ఉక్కు గ్రేడ్, కోర్ గట్టిదనం, పౌడర్ కూర్పు, గ్రైండింగ్ అయ్యాక మిగలాల్సిన పూత మందం.

కొలతలను రెండు దశల్లో రాయాలి. మాకు చివరి వ్యాసం 49.85 కావాలి, పూత ఒకవైపు 0.15. కాబట్టి పూతకు ముందు 49.55కి తిప్పాలి. స్ప్రే ఒకవైపు 0.25 దాకా వేస్తే 50.05 అవుతుంది, అక్కడి నుంచి డైమండ్ వీల్‌తో 49.85కి గ్రైండ్ చేస్తారు. ఈ లెక్క కాగితం మీద లేకపోతే, గ్రైండింగ్‌లో పూత ఒకవైపు పల్చబడినా మీకు తెలిసే దారి లేదు.

మర అంచులు పదునుగా ఉంచవద్దని, చిన్న గుండ్రం ఇవ్వమని డ్రాయింగ్‌లో చూపండి. కార్బైడ్ ముందు పెచ్చులూడేది పదునైన అంచు దగ్గరే. పల్లం గరుకుదనం 0.4 మైక్రాన్లకు మించకూడదు. టిప్ బిగించే మరలు, వెనక స్ప్లైన్, రింగ్ సీటు మీద పూత పడకుండా మూసి ఉంచమనండి. చివరగా, అదే రోజు అదే పౌడర్‌తో ఒక చిన్న ఉక్కు ముక్క మీద కూడా స్ప్రే చేసి ఇవ్వమని అడగండి. స్క్రూను కోసి చూడలేం, ఆ ముక్కను కోసి గట్టిదనం, రంధ్రాలు చూడొచ్చు. మంచి కోటింగ్ షాపు దీనికి అభ్యంతరం చెప్పదు.

వచ్చిన రోజే చూసుకోండి

పెట్టె విప్పగానే వీ బ్లాకుల మీద పెట్టి తిప్పుతూ డయల్‌తో వంపు చూడండి. మాకు 0.05 ఎంఎం దాటితే వెనక్కి పంపుతాం. ప్రతి మరను పట్టీ పెట్టి మళ్లీ కొలవండి, ఇవే మీ తొలి అంకెలు. అంచుల వెంట వేలిగోటితో మెల్లగా గీస్తూ వెళ్తే పెచ్చు లేచిన చోట గోరు తట్టుకుంటుంది.

చేతిలో పట్టుకునే హార్డ్‌నెస్ టెస్టర్‌తో పూత మీద కొట్టి "గట్టిదనం రాలేదు" అని గొడవకు దిగకండి. అంత పల్చటి పొర మీద ఆ దెబ్బ కింది ఉక్కునే కొలుస్తుంది. రాక్‌వెల్ గుర్తు పెడితే పూత పగులుతుంది కూడా.

బిగింపు

చెక్ రింగ్ సీటు, టిప్ ముఖాలు రెండూ చుక్క ప్లాస్టిక్ లేకుండా తుడవండి. మధ్యలో చిన్న పొక్కు ఉన్నా లోడ్ ఒకవైపు పడి టిప్ విరుగుతుంది. టిప్ మరలు చాలా మెషీన్లలో ఎడమ చేతి వాటం. సాధారణ దిశలో బలంగా తిప్పి విరగ్గొట్టిన సందర్భాలు చూశాను. మరలకు వేడి తట్టుకునే యాంటీ సీజ్ పేస్ట్ రాసి, తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి.

స్క్రూను క్రేన్ బెల్టుతో సమంగా పట్టి, బ్యారెల్‌తో ఒకే గీతలో ఉంచి నెట్టాలి. ఇరుక్కుంటే ఆపి చూడండి. కోటింగ్ మీద సుత్తి దెబ్బ పడకూడదు, కట్టె దిమ్మె అడ్డం పెట్టి కొట్టినా మరల మీద కాకుండా వెనక ముఖం మీదే. బిగించాక ఖాళీగా తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పకండి. ప్లాస్టిక్ పొర లేకుండా లోహం లోహాన్ని తాకితే ఆ నిమిషాల్లో పడిన గీతలు స్క్రూ ఉన్నంత కాలం ఉంటాయి.

వేడి పెట్టి, సెట్ టెంపరేచర్ చేరాక కూడా 45 నిమిషాలు ఆగండి. అంకె చూపించేది బ్యారెల్ గోడ వేడి, లోపలి స్క్రూకు ఆ వేడి అందడానికి టైం పడుతుంది. మొదటి గంట ఫిల్లర్ లేని పీపీతో 30 ఆర్‌పీఎం దగ్గర నడపండి. ఆ తర్వాతే గ్లాస్ మెటీరియల్ హాపర్‌లో వేయండి.

నడిపే పద్ధతిలోనే సగం ఆయుష్షు

ఆర్‌పీఎంను కాకుండా మర కొన వేగాన్ని లెక్కించండి. వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తుంది. 50 ఎంఎం స్క్రూ 120 ఆర్‌పీఎం దగ్గర 0.31 మీటర్లు, 60 దగ్గర 0.16. గ్లాస్‌కు 0.2 దాటకుండా చూస్తాం. "రీఫిల్లింగ్ ఆలస్యమవుతుంది" అని ఆపరేటర్లు అంటారు. కూలింగ్ టైం 14 సెకన్లు ఉన్నప్పుడు రీఫిల్లింగ్ ఆరు సెకన్లలో అయిపోయి ఊరికే ఆగి ఉండటంలో లాభం లేదు. మోల్డ్ తెరుచుకోవడానికి ఒకటి రెండు సెకన్ల ముందు ముగిసేలా తగ్గించండి. సైకిల్ ఒక్క సెకను కూడా పెరగదు.

గ్లాస్ నైలాన్ 66కు వెనక జోన్‌ను 285 నుంచి 290, ముందు జోన్‌ను 280 పెడతాం. వెనక తక్కువ, ముందు ఎక్కువ అన్న అలవాటుకు ఇది వ్యతిరేకం. గింజ త్వరగా మెత్తబడితే గ్లాస్‌ను కరిగిన నైలాన్ కప్పుకుంటుంది, ఉక్కును తక్కువ గీస్తుంది, పోగులు కూడా తక్కువ విరుగుతాయి. ఫీడ్ గొంతు దగ్గర నీళ్లు మాత్రం తిరుగుతూనే ఉండాలి, లేకపోతే గింజలు అక్కడే అంటుకుంటాయి. బ్యాక్ ప్రెషర్ పార్ట్ బాగా వచ్చే కనీసం దగ్గర ఉంచండి.

హాపర్‌లో మ్యాగ్నెట్ లేని మెషీన్‌లో కోటింగ్ స్క్రూ వేయడానికి నాకు మనసొప్పదు. గ్రైండర్ బ్లేడ్ ముక్క ఒకటి పడితే కార్బైడ్ అంచు ఎగిరిపోతుంది. మ్యాగ్నెట్‌కు ఇత్తడి ఇన్సర్టులు దొరకవు కాబట్టి, ఇన్సర్ట్ ఉన్న రిజెక్ట్ పార్టులను గ్రైండర్‌లో వేయకుండా విడిగా ఉంచండి.

షిఫ్ట్ ముగించేటప్పుడు గ్లాస్ మెటీరియల్, మంటలు ఆపే గ్రేడ్, పీవీసీ ఏవీ బ్యారెల్‌లో వదలకండి. హెచ్‌డీపీఈతో కడిగి, స్క్రూ ముందుకు పెట్టి ఆపండి. పాలీకార్బనేట్ మెషీన్‌ను కొద్దిసేపే ఆపేటట్టయితే వేడి పూర్తిగా తీసేయకుండా 160 నుంచి 180 దగ్గర ఉంచండి. ఒక హెచ్చరిక, ఇది స్క్రూ కోసం కాదు, మీ కోసం. పీవీసీ, ఎసిటాల్ ఒకే బ్యారెల్‌లో ఎప్పుడూ కలవకూడదు. రెండూ కలిస్తే వేగంగా విడిపోయి విషవాయువు పుట్టి నాజిల్ నుంచి పేలినట్టు బయటికి చిమ్ముతుంది. మధ్యలో పీఈ గానీ, పీపీ గానీ పూర్తిగా నడిపి తీరాలి.

పుస్తకంలో రాయండి

మూడో నెలలో ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి తీసి కొలవండి. మధ్యలో వారానికోసారి రీఫిల్లింగ్ టైం, కుషన్ అంకె రాస్తే చాలు. పూత చిల్లు పడి కింది ఉక్కు కనిపించే దాకా ఆగకండి. ఒకవైపు 0.15 వేసిన పూతలో 0.10 పోయేసరికే రీకోటింగ్‌కు పంపితే, పాత పూత తీసేసి అదే స్క్రూ మీద మళ్లీ వేస్తారు. ఉక్కు తినేశాక పంపితే ముందు వెల్డింగ్‌తో నింపాలి, ఖర్చు కొత్త స్క్రూకు దగ్గరగా వస్తుంది.

ఆ 150 టన్నుల మెషీన్‌కు ఈసారి బైమెటాలిక్ బ్యారెల్, కార్బైడ్ స్క్రూ, కొత్త రింగ్ మూడూ కలిపి వేశాం. బిగించిన రోజు స్క్రూ 49.85, బ్యారెల్ 50.03. పద్నాలుగో నెలలో ముందు భాగంలో స్క్రూ 49.83, బ్యారెల్ 50.05. రింగ్ మాత్రం రెండుసార్లు మార్చాం.